నరమా, కండరమా

బుధవారాలూ గురువారాలూ జాన్సన్ మటన్ కొట్టు తెరిచే వేళకు అమలమ్మ అక్కడ నిలబడి ఉండేది. భవానీపురంలో మూడు వీధుల అవతలే ఆమె ఇల్లు. చేతిలో స్టీలు ఫ్లాస్కు, భుజానికి కాలేజీ బ్యాగు. జాన్సన్ మొదటి మేకను కోసి పొట్ట తెరవగానే తిల్లిని, అంటే ప్లీహాన్ని వేరుచేసి, గోరు కూడా తగలకుండా ఆమె ఫ్లాస్కులోకి జార్చేవాడు.

మొదటిరోజు మాత్రం అతనికి అర్థం కాలేదు. "తిల్లి ఒక్కటేనా అమ్మా? కూరకేం వద్దా?" అన్నాడు.

"కూరకి కాదయ్యా. కాలేజీలో పరీక్షకి. కత్తి తగలకూడదు, నీళ్లతో కడక్కూడదు, అంతే."

వెనకాల వరసలో నిలబడ్డ ఒకాయన మేక తిల్లికి పరీక్షేంటని నవ్వాడు. అమలమ్మ కూడా నవ్వి ఊరుకుంది. ఆ సంగతి చెప్పాలంటే బస్సు వెళ్లిపోతుంది.

ఫ్లాస్కులో ఉన్నవి మామూలు నీళ్లు కావు. ఉప్పు, గ్లూకోజు, ఇంకో నాలుగైదు లవణాలు కొలిచి కలిపి, ఐసులో చల్లబరిచిన ద్రావణం. అందులో ఉన్నంతసేపూ తిల్లికి తను మేకలోంచి బయటికొచ్చిన సంగతి తెలియదని అమలమ్మ అనేది. గంటన్నరలో కాలేజీ చేరితే చాలు. ఆ తర్వాత తిల్లి పైనున్న పొరను సన్నటి పట్టీలుగా కోసి, రెండు కొసలకీ దారం కట్టి, వెచ్చటి ద్రావణమున్న గాజు గొట్టంలో వేలాడదీస్తే అది సాయంత్రం దాకా బతికి ఉంటుంది. ఆ పొరలో నునుపు కండరం ఉంటుంది. మనం చెయ్యి ఎత్తాలనుకుంటే లేచే కండరం వేరు, ఇది వేరు. రక్తనాళాల గోడల్లో, పేగుల్లో, తిల్లి పొరలో ఉండి మన ప్రమేయం లేకుండా ముడుచుకుంటూ, వదులవుతూ ఉంటుంది. భయమేసినా, పరిగెత్తినా, పడుకున్నవాళ్లం గబుక్కున లేచి నిలబడినా సింపథెటిక్ నరాలనేవి దాన్ని తట్టిలేపుతాయి. ఆ నరాల కొసల్లోంచి నార్ అడ్రినలిన్ అనే రసాయనం చుక్క చుక్కగా వస్తుంది, కండరం ముడుచుకుంటుంది.

ఇదంతా అమలమ్మ చదువుకుని తెలుసుకున్నది కాదు. ముప్పై రెండేళ్లుగా చూస్తూ తెలుసుకున్నది.

ఆమెది ఉయ్యూరు దగ్గర పల్లె. తండ్రి శౌరయ్య చెరకు తోటల్లో కూలి. ఇంటర్ అయ్యాక ఉయ్యూరులో ఒక లేడీస్ టైలర్ దగ్గర మూడేళ్లు కాజాలు కుట్టింది. చర్చి ఫాదర్ గారు చెప్పగా నగరం చివర కొత్తగా పెట్టిన మెడికల్ కాలేజీలో అటెండరు పనికి చేరింది. మందుల శాస్త్రం విభాగంలో, అంటే ఫార్మకాలజీలో వేశారు. గాజు సామాను కడగడం, కప్పల తొట్టిలో నీళ్లు మార్చడం, డ్రమ్ములకు మసి పట్టించడం ఆమె పనులు. అప్పట్లో నిగనిగలాడే కాగితాన్ని ఇత్తడి డ్రమ్ముకు చుట్టి, కిరసనాయిలు పొగ మీద తిప్పి నల్లగా చేసేవాళ్లు. కండరం ముడుచుకున్నప్పుడల్లా సన్నటి పుల్ల ఒకటి లేచి ఆ మసి మీద తెల్లటి గీత గీసేది. సాయంత్రమయ్యేసరికి అమలమ్మ ముక్కుపుటాల దాకా మసే.

అప్పటి ప్రొఫెసరు సీతారావమ్మ గారు ఒకరోజు ఆమె చేతివేళ్లను చూశారు. పీజీ స్టూడెంటు ఒకడు కుందేలు పేగు ముక్కకు దారం కట్టబోయి నాలుగోసారి చింపేశాడు. పక్కన బీకరు కడుగుతున్న అమలమ్మ ఉండబట్టలేక, "సూది అట్టా గుచ్చితే పొర చిరుగుతుందండీ, అంచు మడిచి గుచ్చాలి" అంది.

"ఏదీ, నువ్వు కట్టు చూద్దాం" అన్నారు సీతారావమ్మ గారు.

అమలమ్మ కట్టింది. కాజాకి వేసే ముడే. ఆ మర్నాటి నుంచి కణజాలం కట్టే పని ఆమెది. ఐడెంటిటీ కార్డు మీద "టెక్నీషియన్" అని మారడానికి మాత్రం ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది. ఆ కార్డు ఇంటికి తీసుకెళ్లినరోజు భర్త ఫిలిప్ దాన్ని ఆటోనగర్ పట్టుకెళ్లి, తనతో లారీ బాడీలు కట్టే మేస్త్రీలందరికీ చూపించి తీసుకొచ్చాడు.

తర్వాత కాలం మారింది. జంతువుల మీద ప్రయోగాలు తగ్గించాలన్నారు. సీతారావమ్మ గారు రిటైరయ్యారు, ఆ మరుసటేడే పోయారు. డ్రమ్ములు స్టోరు రూముకెళ్లాయి. ఎంబీబీఎస్ పిల్లలకు ప్రాక్టికల్స్ కంప్యూటర్ తెర మీదికొచ్చాయి. మౌసు నొక్కితే బొమ్మ పేగు ముడుచుకుంటుంది, ఇంకోసారి నొక్కితే వదులవుతుంది, ఎప్పుడు నొక్కినా ఒకేలా. అది మంచిదేనని అమలమ్మ ఒప్పుకునేది. కుందేళ్ల కోసం ఆమె కూడా బాధపడిన రోజులున్నాయి. కాకపోతే ఆమె చేతులకు పని లేకుండా పోయింది. పదేళ్లు కీబోర్డుల మీద దుమ్ము తుడిచి, అటెండెన్సు షీట్లు అందించింది.

అలాంటప్పుడు కిరీటి వచ్చాడు. చల్లపల్లి దగ్గర వ్యవసాయదారుల ఇంటి కుర్రవాడు, ఎండీ రెండో సంవత్సరం. హెచ్ఓడీ శివపార్వతి గారి దగ్గర థీసిస్. సింపథెటిక్ నరాల నోరు మూయించే మందులు నునుపు కండరం మీద ఎలా పనిచేస్తాయన్నది విషయం. దానికోసమని జంతువును చంపడం ఉండదు, మటన్ కొట్టులో దొరికే మేక తిల్లి చాలని కమిటీ దగ్గర అనుమతి తీసుకున్నారు.

"అమలమ్మా, నీకు చేతవునుగా ఇంకా?" అని శివపార్వతి గారు అడిగారు.

"చేతవునండీ" అంది అమలమ్మ. ఆ రోజు ఇంటికెళ్లాక పాత కత్తెరలు రెండు సాన పట్టించుకుంది.

ప్రయోగం చెప్పుకోవడానికి తేలికే. గాజు గొట్టంలో వేలాడే పట్టీకి అటూ ఇటూ రెండు ప్లాటినం తీగలుంటాయి. వాటిలోంచి చిన్న చిన్న కరెంటు తట్లు పంపితే, పట్టీలో ఇంకా బతికున్న నరం కొసలు మేల్కొని నార్ అడ్రినలిన్ వదులుతాయి. కండరం ముడుచుకుంటుంది, తెర మీద గీత లేస్తుంది. తర్వాత గ్వానెథిడిన్ అనే మందు వెయ్యాలి. అది నరం కొసల్లోకి దూరి రసాయనం బయటికి రాకుండా ఆపేస్తుంది. ఇప్పుడు ఎంత కరెంటు తట్టినా కండరానికి కబురు చేరదు, గీత లేవకూడదు. కానీ నార్ అడ్రినలిన్‌ని మనమే సీసాలోంచి తీసి గొట్టంలో వేస్తే కండరం మామూలుగా, కొన్నిసార్లు మామూలు కంటే గట్టిగా ముడుచుకుంటుంది. అంటే మందు నోరు మూయించింది నరాన్నే, కండరాన్ని కాదు. ఈ పాత మందుతో ముందు అంతా సరిగ్గా చూపించి, ఆ తర్వాత ఇంకో రెండు కొత్త మందుల్ని దానితో పోల్చాలని కిరీటి పథకం.

పాత మందు దగ్గరే పని ఆగింది. గ్వానెథిడిన్ వేశాక గీత ఎత్తు మూడో వంతు తగ్గింది, అంతే. మోతాదు పెంచారు, గంటసేపు ఆగారు. అయినా కరెంటు తట్టగానే గీత లేస్తూనే ఉంది. ఎనిమిది తిల్లులు, ముప్పై రెండు పట్టీలు, ఏ పట్టీ చూసినా అదే తంతు.

శివపార్వతి గారు నిరుత్సాహపడలేదు. పుస్తకాలు తిరగేసి, "మేక తిల్లికి ఈ మందు సరిగ్గా పనిచెయ్యదేమో. ఎవరూ రాయలేదు ఇంతవరకూ. మనం రాద్దాం" అన్నారు. కిరీటి ఉత్సాహంగా సంక్షిప్త పత్రం తయారుచేసి విశాఖపట్నంలో జరగబోయే సదస్సుకు పంపాడు. అందులో ధన్యవాదాల దగ్గర అమలమ్మ పేరు కూడా ఉందని చూపించాడు. ఆమె సంతోషపడింది.

సంతోషపడింది గానీ, తెర మీద గీతను చూసినప్పుడల్లా ఏదో నలతగా ఉండేది. ఆమె ఎరిగిన గీత అది కాదు. నరం తట్టిలేపితే కండరం లేచే తీరు ఆమెకు కంఠతా వచ్చు. స్విచ్చి నొక్కాక ఒక ఊపిరి తీసినంతసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత బద్ధకంగా, ఒళ్లు విరుచుకుంటున్నట్టు గీత పైకి పోతుంది. స్విచ్చి ఆపినా వెంటనే పడిపోదు, నెమ్మదిగా దిగుతుంది. ఈ గీత అలా కాదు. నొక్కీ నొక్కగానే నిటారుగా లేస్తుంది, ఆపగానే దబ్బున పడుతుంది.

ఒకరోజు ధైర్యం చేసి శివపార్వతి గారితో అంది. "మేడం, ఈ గీత వాలకం వేరుగా ఉందండీ. ఇంత త్వరగా లేవకూడదు."

ఆవిడ విసుక్కోలేదు. "పాత డ్రమ్ము మీద పుల్లకి బరువుండేది అమలమ్మా, అందుకే మెల్లగా లేచేది. ఇప్పుడది సెన్సరు. జరిగింది జరిగినట్టు చూపిస్తుంది" అన్నారు.

నిజమే కావచ్చుననిపించింది. ఎండీలు, పీహెచ్‌డీలు చేసినవాళ్లకు తెలియనిది తనకేం తెలుస్తుంది? అమలమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రెండు నెలలు ఎత్తలేదు.

ఈలోగా ఫిలిప్‌కి హెర్నియా ఆపరేషను వచ్చిపడింది. ముప్పై ఏళ్లు లారీ చట్రాలు ఎత్తిన ఒళ్లు. గజ్జల్లో వాపును దాచిపెట్టి దాచిపెట్టి, ఒక ఆదివారం చర్చిలో మోకాళ్ల మీదినుంచి లేవలేక దొరికిపోయాడు. గవర్నర్‌పేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. మత్తు డాక్టరు జెస్సికా పదేళ్ల కిందట అమలమ్మ ల్యాబులో చదువుకున్న పిల్ల.

"ఆంటీ, మీరా! లోపలికి రండి. గౌను వేసుకుని బాబాయి తల దగ్గర కూర్చోండి. కాసేపు మాట్లాడుతూ ఉంటే ఆయనకీ ధైర్యం" అంది.

ఫిలిప్ నడుంలో ఇంజక్షన్ ఇచ్చారు. కాళ్లు వెచ్చబడుతున్నాయన్నాడు, మొద్దుబారుతున్నాయన్నాడు. ఐదు నిమిషాలకు ఆవలించాడు. మొహం పాలిపోయింది.

"అమలా, కళ్లు తిరుగుతున్నాయే" అన్నాడు.

మానిటర్ మీద బీపీ నూట ముప్పై నుంచి ఎనభైకి దిగింది. అమలమ్మ అతని భుజం పట్టుకుంది. జెస్సికా కంగారుపడలేదు. పక్కనే సిద్ధంగా ఉంచుకున్న సిరంజిలోంచి కొంచెం మందు సెలైన్ గొట్టంలోకి ఎక్కించి, మానిటర్ వంక చూస్తూ నిలబడింది. నిమిషం తిరక్కుండానే అంకె పైకొచ్చింది. తొంభై ఆరు. నూట పది. ఫిలిప్ మొహానికి రంగు తిరిగింది.

"భయపడ్డారా ఆంటీ? ఇది మామూలేనండీ. నడుం కింద సింపథెటిక్ నరాలు నిద్రపోయాయి. రక్తనాళాల్ని బిగించి పట్టుకునేవాళ్లు లేరు, వదులైపోయాయి, బీపీ పడింది. నేనిచ్చింది నరంతో పనిలేని మందు. నేరుగా రక్తనాళం కండరాన్నే బిగిస్తుంది. ఇదంతా మీ ల్యాబులో నేర్చుకున్నదే గదా."

"అవునమ్మా" అంది అమలమ్మ.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. జపమాల చేతిలోకి తీసుకుంది గానీ రెండో పూసకే ఆగిపోయింది. నరాన్ని నిద్రపుచ్చితే నరం చేయించే పని ఏదైనా సరే ఆగిపోవాలి. ఫిలిప్ ఒంట్లో ఆగింది, కళ్లారా చూసింది. మరి ల్యాబులో? అక్కడ పట్టీలోని నరాన్ని అట్టాగే నిద్రపుచ్చి కరెంటు తడితే ఏమవుతుంది? కండరం కదలకపోతే శివపార్వతి గారి మాటే నిజం, మేక తిల్లి మీద గ్వానెథిడిన్‌కి పట్టు లేదు. అప్పటికీ కదిలిందంటే మాత్రం, ఆ కరెంటు నరం దగ్గరికి పోవడమే లేదు. కండరాన్ని నేరుగా కొడుతోంది. నరం నోరు మూసే మందు దాన్నెట్టా ఆపుతుంది?

ఫిలిప్‌ని వార్డుకు తెచ్చాక అతనికి దుప్పటి కప్పుతూ, "ఎల్లుండి కాలేజీకి పోతానండీ. మీ చెల్లెలు వచ్చి ఉంటుంది" అంది.

"పొద్దున నా కోసం ఏడ్చినదానివి, అప్పుడే కాలేజీయా?" అన్నాడు ఫిలిప్. కోపంగా మాత్రం కాదు.

గురువారం ఉదయం కిరీటి ల్యాబుకొచ్చేసరికి నాలుగు పట్టీలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. బల్ల మీద చిన్న లిగ్నోకైన్ సీసా ఉంది. పళ్లు పీకేముందు చిగురు మొద్దుబారడానికి ఇచ్చే మందది. స్టోరులో అడిగి, సంతకం పెట్టి తెచ్చుకుంది.

"ఇదెందుకు అమలమ్మ గారూ?"

ఆమె చెప్పింది. కిరీటి మొదట తల అడ్డంగా ఊపాడు, ఆ తర్వాత ఆగిపోయాడు. కరెంటు తట్లు పంపే పెట్టె, స్టిమ్యులేటరు వైపు చూశాడు. అది కొత్తది. పాతది ఎండాకాలంలో కాలిపోతే తెప్పించారు. బిగించడానికి వచ్చిన మనిషి పెట్టినచోటే గుండ్రటి మీటలన్నీ ఉన్నాయి.

"వేద్దాం. కానీ ఎక్కువ వేస్తే కండరం కూడా మొద్దుబారుతుందండీ" అన్నాడు.

"కొంచెమే వేద్దాం బాబూ. వేశాక నార్ అడ్రినలిన్ ఒక చుక్క వేసి చూస్తే, కండరం మేలుకునే ఉందో లేదో అదే చెబుతుంది."

వేశారు. ఇరవై నిమిషాలు ఆగారు. నార్ అడ్రినలిన్ చుక్కకు గీత చక్కగా లేచింది. కండరం బాగానే ఉంది. గొట్టం మూడుసార్లు కడిగి, లిగ్నోకైన్ మళ్లీ అంతే వేసి, మళ్లీ ఆగి, కిరీటి స్విచ్చి నొక్కాడు.

గీత నిటారుగా లేచింది.

రెండో పట్టీలోనూ లేచింది. మూడోదానిలోనూ. నాలుగోది కిరీటి చూడలేదు. స్టిమ్యులేటరు దగ్గరికెళ్లి వంగి, ఒక్కొక్క మీట మీది అంకె చదివాడు. ఒక్కో కరెంటు తట్టు ఎంతసేపు ఉండాలో చెప్పే మీట దగ్గర ఆగాడు.

"పది మిల్లీసెకన్లు" అన్నాడు. "పాతదాని మీద ఎంత ఉండేది?"

"అర మాత్రమే. మిల్లీసెకన్లో సగం. సీతారావమ్మ గారు ఆ మీటని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నేను చూడాల్సింది బాబూ. మీట రూపం మారేసరికి నాకు తట్టలేదు."

నరం చురుకైనది, చిటికెలో సగం తట్టు చాలు దానికి. కండరం మందం. తట్టు ఎక్కువసేపు ఉంటే తప్ప తనంతట తాను కదలదు. పది మిల్లీసెకన్ల తట్టుకు నరమూ కదిలింది, కండరమూ కదిలింది. మందు నరం వాటా ఆపింది. అదే ఆ మూడో వంతు.

కిరీటి స్టూలు మీద కూలబడ్డాడు. "నాలుగు నెలలు" అన్నాడు. ప్రింటు కాగితాలు ముందుకు లాక్కుని తిరగేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమలమ్మ గారూ, గ్వానెథిడిన్ సీసా పాతబడి చెడిపోయిందని రాసి పత్రం వెనక్కి తీసుకుంటే? సదస్సు వాళ్లకి ఆ మాట చాలు. ఇది మనిద్దరికే గదా తెలుసు" అన్నాడు.

అమలమ్మ పట్టీలు విప్పుతోంది. "మందు చెడిపోలేదు గదా బాబూ" అంది.

గాజు గొట్టాలు కడగడానికి సింకు దగ్గరికెళ్లింది. కుర్రవాడి చదువు. ఏడాదిలో పరీక్ష. తను నోరు మూసుకుని ఉంటే పోయేదేమో అని ఒక్క క్షణం అనిపించింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే కిరీటి ప్రింటు కాగితాలు పట్టుకుని హెచ్ఓడీ గది వైపు నడుస్తున్నాడు.

పావుగంట తర్వాత అమలమ్మకు పిలుపొచ్చింది. శివపార్వతి గారి బల్ల మీద ముప్పై రెండు పట్టీల గీతలూ పరిచి ఉన్నాయి. ఆవిడ మొహం ఎర్రబడి ఉంది.

"ఇది నీ ఆలోచనేనా?"

"అవునండీ."

"నాలుగు నెలలు చూస్తూ ఉన్నావు గదా అమలమ్మా. ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పానండీ. ఒకసారి చెప్పాను. తమరు సెన్సరు అన్నారు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాదే తప్పు."

శివపార్వతి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. గుర్తొచ్చినట్టుంది.

"అవును. చెప్పావు" అన్నారు. "పద. నాకు చూపించు."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి పోలేదు. ఫ్లాస్కులో మిగిలిన తిల్లి ముక్కలోంచి అమలమ్మ ఇంకో రెండు పట్టీలు కోసి కట్టింది. మీటను అర మిల్లీసెకనుకు తిప్పారు. కిరీటి స్విచ్చి నొక్కాడు. ఏమీ లేదు. అతను కంగారుగా ఆమె వైపు చూశాడు. అంతలో గీత కదిలింది. మెల్లగా, బద్ధకంగా పైకిపోయింది. మునుపటి ఎత్తులో సగం కూడా లేదు. స్విచ్చి ఆపాక నింపాదిగా దిగింది.

"ఇదండీ" అంది అమలమ్మ. "ఇది నేనెరిగిన గీత."

గ్వానెథిడిన్ వేశారు. ముప్పావుగంటలో గీత చిన్నదై, చిన్నదై, నేలకు అంటుకుపోయింది. ఎన్నిసార్లు స్విచ్చి నొక్కినా కదల్లేదు. చివర్లో శివపార్వతి గారే పిపెట్టు తీసుకుని నార్ అడ్రినలిన్ చుక్క వేశారు. గీత లేచి లేచి, మందు వెయ్యకముందు ఇదే చుక్కకు లేచినదానికంటే ఎత్తుకు పోయింది. కిరీటి నవ్వాడు. ఆ వారంలో అతను నవ్వడం అదే మొదటిసారి.

"సదస్సు వాళ్లకి నేను రాస్తాను, పత్రం వెనక్కి తీసుకుంటున్నామని" అన్నారు శివపార్వతి గారు. "కారణం కూడా రాస్తాను. నీ పేరు మీద కాదు కిరీటీ, నా పేరు మీద. మీట చూసుకోవాల్సింది గైడునైన నేను."

ఆ తర్వాతి నెలలు తేలికగా ఏం గడవలేదు. మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి. వారానికి రెండు తిల్లులు మూడయ్యాయి. జాన్సన్ ఒక బుధవారం పెళ్లి ఆర్డరు హడావుడిలో తిల్లిని మరిచిపోయి కూరలోకి కొట్టేశాడు, ఆ రోజంతా వృథా. వానాకాలంలో బుడమేరు వాగు పొంగి బస్సులు నిలిచిపోయిన పది రోజులు ల్యాబు మూతపడింది. ఫిలిప్ కోలుకుని, బరువులెత్తొద్దని డాక్టరు చెప్పినందుకు ఆటోనగర్ షెడ్డులో కూర్చుని కుర్రవాళ్లకు కొలతలు చెప్పే పనిలో పడ్డాడు. పొద్దున్నే ఫ్లాస్కులో ద్రావణం పోసి మూత బిగించి ఇచ్చేది అతనే.

కొత్త మందుల్లో ఒకటి గ్వానెథిడిన్‌లాగే నరాన్ని ఆపింది. రెండోది నరాన్ని వదిలేసి కండరాన్నే మొద్దుబార్చిందని తేలింది. నార్ అడ్రినలిన్ చుక్కకు కూడా గీత లేవలేదు. అనుకున్నది అది కాకపోయినా, కిరీటి ఉన్నది ఉన్నట్టు రాశాడు. మొదటి ముప్పై రెండు పట్టీల సంగతి కూడా ఒక అధ్యాయంగా పెట్టాడు. కరెంటు తట్టు ఎంతసేపు ఉంటే ఎవరు జవాబిస్తారో, నరమో, కండరమో, అన్నీ కొలిచి పట్టిక వేశాడు. పరీక్షకు వచ్చిన పెద్దాయన మిగతా థీసిస్ తిరగేసి ఆ అధ్యాయం దగ్గరే అరగంట కూర్చున్నాడట. కిరీటి పాసయ్యాడు. ఇప్పుడు మచిలీపట్నంలో పనిచేస్తున్నాడు.

అమలమ్మకు ఇంకా ఏడాదిన్నర సర్వీసుంది. ఈ ఏడు చేరిన ఇద్దరు పీజీలను శివపార్వతి గారు బుధవారాలు ఆమెకు అప్పగించారు. మొదటి బుధవారం వాళ్ల ముందు నిలబడి మాట్లాడాలంటే ఆమెకు నోరు పెగల్లేదు. డాక్టర్లకు తను చెప్పడమేమిటని ఒకటే సంకోచం. చివరికి మాటలు మానేసి, కత్తెర తీసి తిల్లి పొర కొయ్యడం మొదలుపెట్టింది. వాళ్లే ప్రశ్నలు అడిగారు, జవాబులు వాటంతటవే వచ్చాయి.

మొన్న వారం ఆ ఇద్దరిలో స్టెల్లా అనే అమ్మాయి పట్టీ కోసి చూపించింది. దారం చక్కగా కట్టింది, పట్టీ మాత్రం మందంగా ఉంది. ద్రావణంలోని గాలి దాని లోపలిదాకా అందదు, గంటలో చచ్చిపోతుంది.

"సరిపోతుంది గదా అమలమ్మ గారూ? ఇప్పటికే ఆలస్యమైంది" అంది స్టెల్లా.

అమలమ్మ ఆ పట్టీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. "సరిపోదమ్మా" అని, కత్తెర ఆమె చేతికిచ్చి, ఫ్లాస్కు మూత తీసింది.